మంచు ఆరేదాకా

మా బొగ్గు ప్రాంతంలో వరి ఆకు నల్లబడితే ఎవరూ కంగారుపడరు. ఓపెన్‌కాస్ట్ గని పక్కన పొలం ఉన్నవాళ్లకు ఆకు మీద మసి కొత్త కాదు. వాన పడితే కడుక్కుపోతుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కొత్తగా వ్యవసాయ శాఖలో చేరిన పిల్లలు కలిసినప్పుడల్లా, "మేడం, మీ వైపు ఏ తెగుళ్లు ఎక్కువ?" అని అడుగుతుంటారు. అంతటా ఉన్నవే మా దగ్గరా ఉన్నాయి నాయనా. అగ్గితెగులు, పాముపొడ, ఎండాకు తెగులు, అన్నిటి బొమ్మలూ మీ ఫోన్లలో ఉన్నాయి. ఆ బొమ్మల్లో మసి మాత్రం ఉండదు. మసి కింద దాక్కున్న ఎండాకు తెగులు ఒక ఊరిని ఎంత మోసం చేసిందో, అప్పుడు ఒక పెద్దమనిషి ఎలా నిలబడ్డాడో నేను కళ్లారా చూశాను. నా ఉద్యోగంలో నేను చూసిన గొప్ప రోజు ఏదంటే అదే చెబుతాను.

నేను గోదావరిఖనిలో గని కార్మికుడి ఇంట్లో పుట్టాను. విస్తరణ అధికారిగా పొలాల గట్ల మీద తిరిగి తిరిగి, మోకాళ్లు అరిగాక రిటైరయ్యాను. నా చేతి కింద ఉన్న ఊళ్లలో ఒకటి రామగిరి వైపు ఉంది. ఊరికి ఒక పక్క గని మట్టి పోసిన గుట్టలు, ఇంకో పక్క వాలుగా దిగిపోయే వరి మళ్లు. ఆ మళ్లకు నీళ్లు ఆకాశం నుంచీ రావు, గోదావరి నుంచీ రావు. పాత బాయి నుంచి వస్తాయి. మా వైపు బాయి అంటే గని. లోపల ఊరిన నీళ్లను కంపెనీ వాళ్లు పంపులతో తోడి బయటికి వదిలితే, అవి ఊరి కుంటలో చేరి, అక్కడి నుంచి పొలాలకు పారతాయి. విడిగా పిల్ల కాలువలు లేవు. పై మడి నిండితే కింది మడికి, అది నిండితే దాని కిందికి, అలా మడి నుంచి మడికే పారకం.

అన్నిటికంటే పైన ఉన్న మళ్లు సర్దార్ కాకవి. అన్నిటికంటే కింద, వాలు చివర ఉన్న ఒకే ఒక్క మడి ఒక అవ్వది.

కాక అంటే మా వైపు చిన్నాన్న. సర్దార్ అంటే ఏదో బిరుదు అనుకోకండి, అది గనిలో ఉద్యోగం. షిఫ్టు మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ ముందుగా లోపలికి వెళ్తాడు. కర్రతో పైకప్పు కొట్టి చప్పుడు వింటాడు, గ్యాస్ ఉందేమో చూస్తాడు. ఆయన సరే అన్నాకే మిగతావాళ్లు అడుగు పెట్టాలి. పని అయ్యాక తన మనుషులందర్నీ పైకి పంపి ఆయన వస్తాడు. కాక ఆ పని చేసి చేసి రిటైరయ్యాడు కానీ అలవాటు మాత్రం రిటైర్ కాలేదు. ఊళ్లో ఎవరి మోటారు కాలినా ఆయనే ముందు, ఎవరిని దవాఖానకు తీసుకుపోవాలన్నా ఆయనే ముందు. నాకు మొదట్లో ఈ మనిషి అంటే కొంచెం చిరాకుగా ఉండేది. నేను ఏ రైతు పొలం చూడటానికి వెళ్లినా నాకంటే ముందే అక్కడ ఉండేవాడు.

అవ్వకు పిల్లలు లేరు. ఆమె పెనిమిటి ఒకప్పుడు కాక కిందే పనిచేశాడు, జబ్బు చేసి పోయాడు. ఆ మడిలో పండిందే ఆమెకు ఏడాది తిండి. పండకపోతే ఎవరి దగ్గరా చేయి చాచదు, పస్తుంటుంది. అంత మొండిది. కాకను "తమ్మీ" అని పిలిచేది, ఆయన "అక్కా" అనేవాడు.

ఆ ఏడు వానాకాలం మధ్యలో వానలు మొహం చాటేశాయి. బాయి నీళ్లు ఉన్నాయి కాబట్టి పైరుకు దాహం లేదు గానీ, ఆకు కడిగే వాన లేక మసి మందంగా పట్టింది. పైరు పొట్టకు వచ్చే సమయానికి ఆకుల కొనలు ఎండటం మొదలైంది. ఊరంతా ఒకే మాట అంది, మసి వల్లే అని. అందరూ ఇంకొంచెం యూరియా చల్లారు. పచ్చదనం తగ్గితే మన రైతుకు యూరియా తప్ప ఇంకోటి తోచదు. ఎండాకు తెగులుకు యూరియా అంటే పండగ భోజనం. ఊళ్లో యూనియన్ పనులు చూసే ఒక యువకుడు కంపెనీ గేటు ముందు ధర్నాకు రోజు కూడా ఖాయం చేసి మా ఆఫీసుకు వచ్చాడు.

"మేడం, మీరు వచ్చి చూసి మసితోనే పంట పోయిందని ఒక్క మాట చెప్పాలె. గంతే. మిగతాది మేం చూస్కుంటం."

మా మండల వ్యవసాయ అధికారి అప్పుడు కొత్త. వయసులో నాకు కొడుకులాంటివాడు. వాళ్ల తాత ఎప్పుడో కోస్తా నుంచి ఇంజనీరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. సారు పుట్టింది, పెరిగింది మా కాలనీ క్వార్టర్లలోనే అయినా ఇంట్లో అమ్మ భాష వదల్లేదు. ప్రతి మాటకూ చివర "అండి" పెట్టేవాడు. రైతులు వెనక నుంచి "వచ్చిండు అండి సారు" అని నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి. కానీ ఆ పిల్లవాడు తాను చూడని దాని గురించి నోరు విప్పేవాడు కాదు. ఆ రోజు యువకుడితో కూడా, "ముందు చూద్దామండి" అన్నాడు, అంతే.

పొలంలో నేను ఒక ఆకు తెంపి కొంగుతో తుడిచాను. మసి పోయింది. కింద ఆకు అంచు వెంట గడ్డి రంగు చార, అలలు అలలుగా కొన నుంచి కిందికి దిగుతోంది. మసి పడితే ఆకు నిండా పడాలి. ఇది అంచు పట్టుకుని పాకుతోంది. సారు వైపు చూశాను. ఆయన మరో ఆకు తుడుస్తున్నాడు, మొహంలో రంగు లేదు.

రోడ్డు మీది హోటల్ దగ్గరికి నడిచాం. సారు ఒక టీ గ్లాసు బాగా కడిగించి, మంచినీళ్లు పోయించి, ఎండుతున్న ఆకును చారకు అడ్డంగా కోసి ఆ ముక్కను గ్లాసులో నిలబెట్టాడు. చుట్టూ జనం మూగారు. కాక అందరికంటే ముందు ఉన్నాడు, చెప్పక్కర్లేదు. కాసేపటికి కోసిన చోటు నుంచి తెల్లటి పొగలాంటి తీగ సన్నగా నీళ్లలోకి దిగింది. తర్వాత గ్లాసు నీళ్లు మబ్బు పట్టాయి.

"ఏంది సారు, పాలు గిట్ల కలిపిన్రా?" అన్నాడు యువకుడు.

"లేదండి. ఆకులోంచి వచ్చే బాక్టీరియా అండి అది. ఎండాకు తెగులు. మసి ఉంది, నేను కాదనను. దాని గురించి మీరు కంపెనీని అడగండి, అడగాల్సిందే. కానీ మీ ఆకులు ఎండేది మాత్రం దీనివల్ల."

యువకుడికి కోపం వచ్చింది. "కంపెనీ క్వార్టర్ల పుట్టిన బిడ్డవు, గట్లనే అంటవు" అన్నాడు. సారు మొహం ఎర్రబడింది గానీ మాట మార్చలేదు. జనంలో సగం మంది గ్లాసును, సగం మంది యువకుణ్ణి నమ్మి ఇళ్లకు పోయారు.

దారిలో సారు ఒకే విషయం తలచుకుంటూ వచ్చాడు. ఈ తెగులు ఇంత తొందరగా ఇన్ని మళ్లకు ఎలా పాకింది? గాలివాన లేదు, వడగళ్లు లేవు. ఆకుకు గాయమైతేనే, తడి ఉంటేనే ఇది దూరుతుంది. నీళ్లతో పాటు కిందికి పారుతుందన్నది నిజమే గానీ, అదొక్కటే అయితే పట్టిన మడిలో అంత సమానంగా, మడి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఉండదు. "పొద్దున్నే ఒకసారి వెళ్దామండి, మనం ఎప్పుడూ పదింటికే వెళ్తాం" అన్నాడు. అది ఆఫీసు వాళ్లందరికీ తగిలే మాట, నాక్కూడా తగిలింది.

మర్నాడు తెల్లవారుతుండగా వెళ్లాం. పైరు మీద మంచు తెల్లగా ఉంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన ఇద్దరు మనుషులు, ఇంకా డ్యూటీ బట్టలు కూడా మార్చలేదు, మడికి ఈ గట్టున ఒకరు, ఆ గట్టున ఒకరు నిలబడి లావుపాటి బండి మోకును పైరు మీదుగా లాగుతున్నారు. మోకు కింద పైరు వంగి లేస్తోంది, మంచు నీళ్లు నల్లగా రాలుతున్నాయి. గట్టు మీద చేతికర్ర పట్టుకుని కాక నిలబడి ఉన్నాడు.

"రండ్రి మేడం! మసి దులుపుతున్నం. వాన దులుపకుంటె మనమే దులుపుకోవాలె. నేను చెప్పిన ఉపాయమే. పై మళ్ల నుంచి సురువు చేసి కింద అక్క మడి దాక రోజు ఒక చుట్టు. ఎవ్వలతోని పైస ముట్టం."

ఎంత సంతోషంగా చెప్పాడో ఆ మాట. ఆకు నల్లగా ఉంటే నిద్రపట్టని మనిషి, డ్యూటీ దిగి అలసిపోయి వచ్చినవాళ్లను కూడగట్టి, ఊరందరి పైరునూ పసిపిల్ల ఒళ్లు తుడిచినట్టు తుడిపిస్తున్నాడు. ఆ గరుకు మోకు ప్రతి ఆకునూ గీరుతోంది. పై మళ్ల తెగులు నీళ్లు మోకుకు అంటుకుని కింది మళ్ల గీతల్లోకి దిగుతున్నాయి. ఊరందరికీ మేలు చేద్దామనుకున్న మనిషి చేతి మీదుగానే తెగులు ఊరంతా తిరిగింది. నేనూ సారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

సారు వాలు వెంట కిందికి నడిచి వెళ్లి చివరి దాకా చూసి వచ్చాడు. కిందికి పోయిన కొద్దీ తెగులు పలచబడుతోంది. మోకు అక్కడికి చేరేసరికి పొద్దెక్కి మంచు ఆరిపోయేది కాబోలు. అవ్వ మడిలో వెతికితే తప్ప చార ఉన్న ఆకు దొరకలేదు. ఇంకా దక్కించుకునే మళ్లు చాలా ఉన్నాయి. కానీ నీళ్లన్నీ ముందు కాక మళ్లలో నిలిచి, అక్కడి తెగులును వెంటేసుకునే కిందికి దిగాలి.

కాకకు చెప్పడం ఎలా? నలుగురిలో చెప్పకూడదని ఇద్దరం అనుకున్నాం. సాయంత్రం ఇంటికి వెళ్లాం. కాక భార్య ఛాయ్ పెట్టింది. సారు అంత మెల్లగా మాట్లాడటం నేను ముందూ వెనకా వినలేదు. తప్పు మీది కాదండి, తాడు లాగడం మేము కూడా కొన్ని పురుగులకు చెప్పేదేనండి, కానీ ఈ తెగులు ఉన్నప్పుడు, అందులోనూ మంచు మీద... అని నసుగుతూ చెప్పాడు. కాక ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అక్క మడికి తాకిందా?"

"ఇంకా గట్టిగా తాకలేదు కాకా" అన్నాను నేను.

"ఆపితె ఆగుతదా?"

"ఆగొచ్చండి. పట్టాక పూర్తిగా కుదిర్చే మందు దీనికి లేదు, మందు కొట్టినా కొంత అదుపే. యూరియా ఆపాలి. ఆకు తడిగా ఉండగా ఎవరూ మడిలో దిగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తెగులున్న మడి నీళ్లు లేని మడికి పోకూడదు."

"అంటే నా మడి నీళ్లు."

సారు మధ్యేమార్గం చెప్పబోయాడు. ఎలా వచ్చిందో ఊళ్లో చెప్పక్కర్లేదు, తాడు మాత్రం రేపటి నుంచి ఆపేస్తే సరిపోతుంది అని. కాక చెయ్యి అడ్డం పెట్టాడు. "రేపు పొద్దుగాల అందర్ని పిలుస్త. మీరు రాండ్రి."

ఆ మర్నాడు ఊరంతా కుంట గట్టు మీద చేరింది. యువకుడు కూడా వచ్చాడు, చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. సారు లేవబోతుంటే కాక ముందే లేచాడు. ఆ మోకును భుజం మీద వేసుకుని వచ్చాడు, దాన్ని అందరి ముందు నేల మీద పడేశాడు.

"మొన్న గిలాసల తెల్ల నీళ్లు జూసిన్రు గదా. గది మసి కాదు, రోగం. గా రోగాన్ని నా మడి నుంచి మీ మళ్లకు మోసింది గీ మోకు. లాగుమన్నది నేను. సారు చెప్పద్దన్నడు, నా ఇజ్జతు పోతదని. బాయిల గ్యాసు ఉన్నదని ఎర్కైనంక సర్దార్ చెప్పకుంటె ఏమైతది? లోపటున్నోడు సస్తడు. ఇజ్జతు జూస్కుంట కూసుంటమా ఆడ?"

ఒక ముసలాయన, "నువ్వు మంచికే చేసినవు కదరా" అన్నాడు.

"మంచికే చేసిన. ఇంక జల్ది ఇనుండ్రి. బాయిల ఒక పక్క మంట అంటుకుంటె ఏం జేస్తం? ఆ పక్కకు గోడ కట్టి మూసేస్తం. అండ్ల ఎంత బొగ్గున్నా ఇడిసి పెడ్తం. మిగతా బాయి బతుకుతది. నా మళ్లు మూసేస్తున్న. కుంట నీళ్లు నా మళ్ల నిలువయి. ఇటు అంచుకు నా పైరు కోసి, గట్టు పోసి కాలువ తీస్త. నీళ్లు సీదా కిందికి పోతయ్."

పొట్ట మీద ఉన్న పైరుకు నీళ్లు ఆపడమంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. తెగులుకు నీళ్లు తీసేయమని మేము చెప్పేదే, కానీ కొన్నాళ్లకు మళ్లీ పెడతాం. ఆయన మళ్లకు మళ్లీ పెడితే ఆ ఊట గట్టు దాటి కిందికే పోతుంది. వాన వచ్చి కరుణిస్తే తప్ప ఆయనకు పంట లేనట్టే. సారు "అండి..." అని ఆగిపోయాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

కాక కొడవలి తీసుకుని తన మడిలో దిగబోయి, ఆగాడు. ఒంగి ఆకు మీద చెయ్యి పెట్టి చూశాడు. ఇంకా తడి ఉంది. వెనక్కి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఆయన కూర్చుంటే ఊరంతా కూర్చుంది. మంచు ఆరేదాకా ఎవరూ దిగలేదు. ఆరాక మొదటి పిడికెడు ఆయనే కోశాడు. పచ్చి పొట్ట మీదున్న పైరు కోస్తుంటే వచ్చే చప్పుడు రైతు ఇంట పుట్టని నాకే వినబుద్ధి కాలేదు. రెండో పిడికెడు కోయడానికి కొడవలి పట్టుకుని, ప్యాంటు మడిచి దిగినవాడు ఎవరనుకున్నారు? ఆ యువకుడే. సారు పక్కనుంచి పోతూ, "మసి ధర్నా వేరే, గిది వేరే. ధర్నాకు నువ్వు గూడ రావాలె సారు" అన్నాడు. "వస్తానండి, మసి నేను కాదనలేదు కదండి" అన్నాడు సారు.

పొద్దు గూకేలోపు కాలువ పూర్తయింది. రెండో షిఫ్టు వాళ్లు డ్యూటీ నాగా పెట్టి మరీ తవ్వారు. నీళ్లు కాక మళ్ల అంచు వెంట, ఆయన పైరుకు చుక్క తగలకుండా, కిందికి పరుగెత్తాయి. అవ్వ తన మడి దగ్గర నిలబడి ఉంది. నీళ్లు వచ్చి ఆమె కాళ్లను తడిపాయి. ఆమె పైకి చూసి, "తమ్మీ, నీ కడుపు ఎండబెట్టి నాకు పోస్తున్నవారా" అని గట్టిగా ఏడ్చింది. కాక అంత దూరం నుంచి, "ఏడుపెందుకక్కా, నీళ్లు గట్టు తెంపుతున్నయ్, జర చూస్కో" అని కేక వేశాడు.

తర్వాత ఊరు చెప్పిన మాట వింది. అది మా ఉద్యోగాల్లో అరుదుగా జరిగే వింత, గుర్తుపెట్టుకోండి. యూరియా ఆగింది, పొటాష్ పడింది, మోకు మళ్లీ బండికి కట్టుకోవడానికి పోయింది. మధ్య మళ్లలో కొంత నష్టం తప్పలేదు. కింది మళ్లు నిలిచాయి. అవ్వ మడి బంగారంలా పండింది. కాక మళ్లలో సగం పైగా తాలు. ఆయన ఆ గడ్డి కోయించి, తెగులు తగిలిన గింజ అని విత్తనానికి పిడికెడు కూడా ఉంచుకోలేదు.

నార్లు పోసే కాలం వచ్చినప్పుడు నేను కాక ఇంట్లోనే ఉన్నాను. అవ్వ ఒక బస్తా ఎత్తించుకుని వచ్చింది. గుమ్మంలో దింపించి, "నా మడి ఇత్తనం. రోగం లేనిది. మేడంను అడుగు" అంది. కాక వద్దనబోయాడు. "నువ్వు ఊకో. నీ మళ్లు పైన ఉన్నయ్. నీ పైరు మంచిగుంటెనే కింద నాది మంచిగుంటది" అని వెళ్లిపోయింది. ఆయన ఆ బస్తా మూతి విప్పి, పిడికెడు గింజలు అరచేతిలో పోసుకుని చూశాడు.

పిల్లలూ, తెగులు లక్షణాలు మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది చిన్న మాట. తెగులు ఎలా వచ్చిందో తెలిశాక దాన్ని ముందుకొచ్చి చెప్పగల మనిషి ఊళ్లో ఒక్కడున్నా మీ పని సగం అయినట్టే. అలాంటి మనిషి ఉంటే కాస్త వంగి నమస్కారం పెట్టండి, ఉద్యోగానికేమీ తక్కువ కాదు.

రిటైరయ్యే వారంలో చివరిసారి ఆ ఊరికి పొద్దున్నే వెళ్లాను. ఆ కాలువ ఇంకా ఉంది, ఇప్పుడు రాళ్లు కూడా పరిచారు. గట్టు మీద రాత్రి షిఫ్టు దిగిన మనుషులు వరుసగా కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ఎవరూ మడిలో దిగలేదు. నాకు తొందర, బస్సు పట్టుకోవాలి, ఒక ఆకు చూసి పోదామని చీర కుచ్చిళ్లు ఎత్తి అడుగు వేశాను.

"మేడం, ఆగుండ్రి."

కాక చేతికర్ర పట్టుకుని మెల్లగా గట్టు దిగి వచ్చాడు. వంగి, వరి ఆకు మీద చేతి వెనకవైపు ఆనించి చూశాడు, ఒక చోట, తర్వాత ఇంకో చోట. "ఇంక ఆరలే" అన్నాడు.

నేను వెనక్కి వచ్చి అందరితో పాటు గట్టు మీద కూర్చున్నాను. బస్సు పోయింది. ఎండ పొలం మీదికి వచ్చింది. ఆయన మరోసారి చెయ్యి పెట్టి చూసి, మా వైపు తిరిగాడు.

"ఇగ పోన్రి" అన్నాడు. అప్పుడు అందరం దిగాం.